కోట్ల రీడింగులతో గ్రాఫ్ గీసే ముందు అడగాల్సిన ప్రశ్న

“ఫైల్లో నాలుగు కోట్ల వరుసలున్నాయి, గ్రాఫ్ గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?” గచ్చిబౌలి ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్ళ దగ్గర్నుంచి ఉస్మానియాలో పరిశోధన చేసేవాళ్ళ దాకా అందరూ ఈ ప్రశ్న ఇలాగే అడుగుతారు. జవాబుగా కూడా ఒక పేరే వస్తుంది. ఒకరు పైథాన్ అంటారు, ఇంకొకరు ఆర్ అంటారు, అమీర్‌పేటలో కోర్సు చేసొచ్చినవాళ్ళు పవర్ బీఐ అంటారు. తీరా ఇన్‌స్టాల్ చేసి ఫైలు తెరిస్తే సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది, లేదంటే తెర నిండా ఒక నీలిరంగు దిమ్మ కనబడుతుంది. దాంతో ఇంకో పేరు వెతుక్కుంటారు. నన్నడిగితే మార్చాల్సింది సాఫ్ట్‌వేర్‌ని కాదు, ప్రశ్నని. ఈ సాఫ్ట్‌వేర్ నా డేటాలో దేన్ని పారేస్తోంది? పారేసినట్టు నాకు చెబుతోందా? ఈ రెండూ తెలిస్తే పేరు దానంతటదే తేలుతుంది.

ఎందుకు పారేయాలి అంటారా, లెక్క చూడండి. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అడ్డంగా 1,920 పిక్సెళ్ళు, నిలువుగా 1,080. అన్నీ కలిపి 20,73,600. తెర మొత్తం గ్రాఫుకే ఇచ్చేసినా మన చేతిలో ఉన్నది ఇరవై లక్షల పైచిలుకు పిక్సెళ్ళే. నాలుగు కోట్ల రీడింగులను ఒకే గీతగా గీస్తే ఒక్కో నిలువు వరుసలోకి ఇరవై వేలకు పైగా రీడింగులు వచ్చి పడతాయి. అన్నీ కనబడటం అసాధ్యం. మీరు తగ్గించకపోతే సాఫ్ట్‌వేర్ తగ్గిస్తుంది, అదీ తగ్గించకపోతే ఒకదాని మీద ఒకటి పడి కింద ఉన్నవన్నీ మాయమైపోతాయి. కాబట్టి పెద్ద డేటాకి గ్రాఫ్ గీయడం అంటే అసలు పని గీయడం కాదు, తగ్గించడం.

అందరికీ ముందు తట్టే పద్ధతి ప్రతి వెయ్యో రీడింగు తీసుకుని మిగతావి వదిలేయడం. గ్రాఫులు గీసే గ్నూప్లాట్‌లో ‘ఎవ్రీ’ అని రాస్తే అయిపోతుంది, పైథాన్‌లో పట్టికలు చూసుకునే పాండాస్ లైబ్రరీలో అయితే ఒక్క లైను. సులువే కానీ ఇది ఎంత ప్రమాదమో ఒక మోటారు డేటా పెట్టుకుని చూద్దాం. జీడిమెట్లలో ఏదో ఫ్యాక్టరీలో మోటారుకి వైబ్రేషన్ సెన్సర్ బిగించారనుకోండి, సెకనుకు 10,000 రీడింగులు. గంటకి 3.6 కోట్లు. బేరింగ్ దెబ్బతినడం మొదలైనప్పుడు మధ్యమధ్యలో అయిదు మిల్లీసెకన్ల పాటు ఒక కుదుపు వస్తుంది. అంటే 50 రీడింగులు. మీరు ప్రతి వెయ్యిలో ఒకటి మాత్రమే తీసుకుంటున్నారు కాబట్టి ఆ కుదుపు మీకు దొరికే అవకాశం ఇరవైకి ఒకటి. మిగతా పందొమ్మిది సార్లు గ్రాఫ్ ప్రశాంతంగా ఉంటుంది, మేనేజర్ సరే అంటాడు, బేరింగ్ మాత్రం పోతుంది.

ఇలాంటి పీకులు, అంటే ఒక్కసారిగా లేచే కొసలు, పోవడమే కాదు, లేనివి కూడా పుట్టుకొస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 అలలు. సెన్సర్ కేబుల్లోకి ఆ గుయ్యిమనే శబ్దం ఎంతో కొంత దూరుతుంది, ఇది ఏ ఫ్యాక్టరీలో అయినా మామూలే. సెకనుకు 10,000 రీడింగుల్లోంచి ప్రతి 200వది తీసుకుంటే సెకనుకు సరిగ్గా 50 మిగులుతాయి, ప్రతిసారీ అల మీద ఒకే చోట పట్టుకుంటారు కాబట్టి ఆ 50 హెర్ట్జ్ అల కాస్తా తిన్నని గీత అయిపోతుంది. 200 బదులు 199వది తీసుకుని చూడండి. ఇప్పుడు దాదాపు నాలుగు సెకన్లకొకసారి మెల్లగా పైకీ కిందికీ ఊగే ఒక అందమైన అల కనబడుతుంది. మోటారులో అలాంటిదేమీ లేదు. అది మనం ఎంచుకున్న 199 అన్న అంకె గీసిన బొమ్మ. ఆ అలకి కారణం వెతుకుతూ టీములు రోజులు పోగొట్టుకోగలవు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

సరే, వదిలేయడం కంటే సగటు తీద్దాం అంటారు కొందరు. నెల సగటు, రోజు సగటు అడిగిన చోట అది సరైనదే. కానీ మనం గ్రాఫ్ చూసేది చాలాసార్లు విపరీతమైనది ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాదులో ఉన్నవాళ్ళు ఎవరూ మర్చిపోలేరు, ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటింది. పావుగంటకొక రీడింగు ఇచ్చే ఆటోమేటిక్ వాన స్టేషన్ డేటా పదేళ్ళది తీసుకుని, తెర మీద పట్టాలని రెండు రోజులకో సగటు తీసి గీస్తే, ఆ రోజు ఎత్తుగానే కనబడుతుంది కానీ ఏ గంటలో ఎంత జోరుగా కురిసిందన్నది పోతుంది. నాలాలు పొంగడానికి కారణం ఆ జోరు. సగటు తీసే సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పదు, మనకి కావాల్సిన నిజాన్ని మాత్రం చదును చేసేస్తుంది.

గీతల గ్రాఫుకి నిజంగా పనికొచ్చేది కనిష్ఠ, గరిష్ఠాల పద్ధతి. తెర మీద ఒక్కో నిలువు వరుసలోకి వచ్చే వేల రీడింగుల్లో అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే పెద్దది పట్టుకుని వాటి మధ్య గీత గీస్తే చాలు, ఏ కుదుపూ తప్పిపోదు. దీన్ని ఇంకాస్త బిగించి, ఆ వరుసలో మొదటి రీడింగు, చివరి రీడింగు కూడా కలిపి నాలుగు ఉంచితే, మొత్తం డేటా గీసినప్పుడు వచ్చే బొమ్మే పిక్సెల్ తేడా లేకుండా వస్తుందని 2014లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఆ పద్ధతి పేరు ఎం4. అంచులు నున్నగా చేసే సెట్టింగ్ ఉంటే చిన్న తేడా రావొచ్చు, కంటికి అది పెద్ద లెక్క కాదు. నాలుగు కోట్ల రీడింగులు 7,680 అయిపోతాయి, బొమ్మ అదే.

ఇంకోటి ఎల్‌టీటీబీ అని ఉంది, 2013లో ఐస్‌ల్యాండ్ విశ్వవిద్యాలయంలో స్వేన్ స్టైనార్సన్ తన మాస్టర్స్ థీసిస్‌లో రాసింది. డేటాని గంపలుగా విడగొట్టి, పక్క గంపల్లోని పాయింట్లతో కలిపితే పెద్ద త్రిభుజం ఇచ్చే పాయింటుని ఒక్కో గంపలోంచి ఎంచుకుంటుంది. తక్కువ పాయింట్లతోనే గీత ఆకారం చక్కగా నిలబడుతుంది, వెబ్ డాష్‌బోర్డుల వాళ్ళకి అందుకే ఇష్టం. కానీ ఒకే గంపలో పైకి ఒక పీకు, కిందికి ఒక పీకు ఉంటే ఒకదాన్నే ఉంచుతుంది. మెషీన్ లోపాలు వెతికే పనికి నేనైతే కనిష్ఠ, గరిష్ఠాల పద్ధతినే నమ్ముతాను.

ఇది మన ఊళ్ళో కొత్త విషయమేమీ కాదు. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) లాంటి చోట భూకంపాల డేటా చూసేవాళ్ళకి ఇది రోజువారీ పని. సెకనుకు 100 రీడింగులిచ్చే సీస్మోమీటరు ఒక్క దిశకే రోజుకి 86,40,000 ఇస్తుంది, మూడు దిశలకీ కలిపి రెండున్నర కోట్లు దాటుతుంది. ఈ రంగంలో ఎక్కువగా వాడే అబ్స్‌పై అనే పైథాన్ లైబ్రరీ 4,00,000 రీడింగులు దాటితే తనంతట తానే వేగంగా గీసే పద్ధతికి మారిపోతుంది, అలా గీసిన బొమ్మని జూమ్ చేయలేరని తన డాక్యుమెంటేషన్‌లోనే రాసి పెట్టుకుంది. నాకు నచ్చేది ఈ రెండో సంగతి. తగ్గిస్తున్నాను అని చెప్పి తగ్గించేదాన్ని నమ్మొచ్చు.

ఇప్పుడు పేర్లకి వద్దాం. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ని తిట్టనివాళ్ళు లేరు, స్లో అని. జాన్ హంటర్ అనే న్యూరోసైన్స్ పరిశోధకుడు మూర్ఛ రోగుల మెదడు సంకేతాలు చూసుకోవడానికి మొదలుపెట్టి 2003లో విడుదల చేసిన లైబ్రరీ అది, గీతల గ్రాఫుల్లో మనం అనుకున్నంత చేతకానిది కాదు. గీతలో కంటికి తేడా తెలియని ముక్కలను కలిపేసే ఏర్పాటు అందులో ముందే ఆన్ చేసి ఉంటుంది. పైగా ‘ఫాస్ట్’ అనే స్టైల్ పెడితే ఆ కలపడం ఇంకా గట్టిగా చేసి, పొడవాటి గీతని పదివేల చొప్పున ముక్కలు చేసి గీస్తుంది. చాలామందికి ఈ స్టైల్ ఉందనే తెలియదు. కానీ ఇదంతా గీతలకే. ఒక్కో రీడింగు దగ్గర గుండ్రని మార్కర్ పెట్టమన్నారో, ప్రతి మార్కర్‌నీ విడిగా గీస్తుంది, ఇక మీరు టీ తాగి రావొచ్చు.

అటూ ఇటూ జరుపుతూ, జూమ్ చేస్తూ చూడాలంటే, లేదా సెన్సర్ నుంచి డేటా వస్తుండగానే చూడాలంటే పైక్యూటీగ్రాఫ్ అనే పైథాన్ లైబ్రరీ. అందులో డౌన్‌శాంప్లింగ్‌కి, అంటే రీడింగులు తగ్గించడానికి, మూడు పద్ధతులున్నాయి: కొన్ని వదిలేయడం, సగటు, పీక్. పీక్ అంటే మనం చెప్పుకున్న కనిష్ఠ, గరిష్ఠాలే. ఆటోమేటిక్ డౌన్‌శాంప్లింగ్ మాత్రం మనమే ఆన్ చేయాలి, తెరలో కనబడే భాగం వరకే గీయమనే సెట్టింగ్ కూడా. ఇంకో చిన్న విషయం, గీత మందం ఒక పిక్సెల్ కంటే పెంచితే ఒక్కసారిగా నెమ్మదించిపోతుంది. ప్రోగ్రామ్ అంతా బాగుంది, బాస్‌కి గీత సన్నగా కనబడుతోందని రెండు చేశాం, హ్యాంగ్ అవుతోంది అంటే కారణం అదే.

చుక్కల గ్రాఫ్, అంటే స్కాటర్, పూర్తిగా వేరే సమస్య. ఇక్కడ కనిష్ఠం, గరిష్ఠం పనికిరావు, ఎందుకంటే మనకి కావాల్సింది ఎక్కడ ఎంత గుమిగూడింది అన్నది. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ ఫోటో పైనుంచి తీస్తే తలలు తప్ప ఏమీ కనబడవు, లక్షమందా మూడు లక్షలా అన్నది ఆ ఫోటో చెప్పలేదు. చుక్కల మీద చుక్కలు పడ్డప్పుడు జరిగేది అదే. చుక్కలను పారదర్శకంగా చేస్తే కొంత వరకు మేలు, కానీ కోట్లలో ఉంటే అదీ ఒక దగ్గర నిండిపోతుంది, పైగా ఒంటరి చుక్కలు కంటికి ఆనకుండా పోతాయి.

దీనికి మందు లెక్కపెట్టడం. తెరని గళ్ళుగా విడగొట్టి ఒక్కో గడిలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి, ఆ లెక్కకి రంగు వేయాలి. గళ్ళు ఆరు మూలలవైతే హెక్స్‌బిన్. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనూ ఉంది, ఆర్‌లో జీజీప్లాట్2 లోనూ ఉంది, లక్షల్లో ఉన్న డేటాకి అంతకుమించి అక్కర్లేదు. కోట్లు దాటాక డేటాషేడర్ అనే పైథాన్ లైబ్రరీ. అది ఒక్కో పిక్సెల్‌నే గడిగా తీసుకుంటుంది, ప్రాసెసర్‌లోని కోర్లన్నీ వాడుకోగలదు, మెమరీలో పట్టని డేటాని ముక్కలుగా కూడా తీసుకోగలదు. అమెరికా 2010 జనాభా లెక్కల్లోంచి మనిషికో చుక్క చొప్పున ముప్పై కోట్లకు పైగా చుక్కలు గీసి చూపించిన ఉదాహరణ దానికి బాగా పేరు తెచ్చింది.

హైదరాబాదు క్యాబుల జీపీఎస్ డేటా లాంటిది డేటాషేడర్‌లో పెడితే మ్యాప్ ఏమీ వేయకుండానే రోడ్లు వాటంతటవే బయటపడతాయి. ఔటర్ రింగ్ రోడ్డు ఒక సన్నటి వలయంగా, పంజాగుట్ట, హైటెక్ సిటీ జంక్షన్లు మెరుస్తూ కనబడతాయి. మొదటిసారి గీస్తే మాత్రం చాలామందికి ఖాళీ తెర మీద ఒక మూల ఒకే ఒక్క చుక్క వస్తుంది. కంగారు పడక్కర్లేదు. జీపీఎస్ దొరకనప్పుడు కొన్ని పరికరాలు అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా అని రాసేస్తాయి. అది ఆఫ్రికా పక్కన సముద్రంలో ఉంది. అలాంటి వరుస ఒక్కటి ఉన్నా గ్రాఫ్ అక్కడి నుంచి 78.5 డిగ్రీల దాకా సాగిపోయి హైదరాబాదు మొత్తం చుక్కైపోతుంది. సున్నాలు తీసేసి మళ్ళీ గీయండి.

డేటాషేడర్ గురించి ఒక్క హెచ్చరిక. రంగులు పంచేటప్పుడు అది మామూలుగా ఎంచుకునేది లెక్కల వరుసక్రమాన్ని బట్టి పంచే పద్ధతి. దానివల్ల పల్చగా ఉన్న చోట్లా దట్టంగా ఉన్న చోట్లా రెండూ కనబడతాయి, డేటా ఆకారం తెలుసుకోవడానికి అంతకంటే మంచిది లేదు. కానీ ఇక్కడ రంగు అక్కడి కంటే రెట్టింపు ముదురు కాబట్టి బళ్ళు రెట్టింపు అని చెప్పడానికి వీల్లేదు. రిపోర్టులో పెడుతుంటే లీనియర్ లేదా లాగ్‌కి మార్చి, రంగుల పట్టీ పక్కన లెక్కలు వేయండి. ఈ జాగ్రత్త లేకుండా పెట్టిన ఇలాంటి రంగుల పటాల (హీట్‌మ్యాపుల) మీద నిర్ణయాలు జరిగిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

బ్రౌజర్‌లో చూపించాలంటే ప్లాట్లీ ముందు గుర్తొస్తుంది. దాని మామూలు స్కాటర్ ప్రతి చుక్కనీ ఎస్‌వీజీ ముక్కగా, అంటే ఒక విడి బొమ్మగా, పెడుతుంది, వేలు దాటితే బ్రౌజర్ మూలుగుతుంది. స్కాటర్‌జీఎల్ వాడితే గ్రాఫిక్స్ కార్డు గీస్తుంది, లక్షల దాకా నడుస్తుంది. అయినా డేటా మొత్తం పేజీలోకే వెళ్ళి కూర్చుంటుంది కాబట్టి ఫైలు సైజు చూసి బెంబేలెత్తుతారు. ప్లాట్లీ రీశాంప్లర్ అనే జోడింపు ఉంది, డేటాని పైథాన్ వైపే ఉంచి, మీరు జూమ్ చేసినప్పుడల్లా ఆ భాగం నుంచి మామూలుగా వెయ్యి పాయింట్లు ఎంచి పంపుతుంది. వెనకాల పైథాన్ నడుస్తూ ఉండాలి, ఆ ఫైలు మెయిల్‌లో పంపిస్తే అవతలివాళ్ళకి జూమ్ చేసినా కొత్త వివరం రాదు. డేటాషేడర్‌తో చేసిన పేజీకీ ఇదే గతి.

గ్రాఫిక్స్ కార్డు వాడే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒక దాక్కున్న గొయ్యి ఉంది, ఇది తెలియక చాలామంది సెన్సర్‌నే అనుమానిస్తారు. ఆ కార్డులు ఎక్కువగా 32 బిట్ల దశాంశ సంఖ్యలతో పనిచేస్తాయి. వాటిలో 1,67,77,216 దాటాక ప్రతి పూర్ణాంకాన్నీ సరిగ్గా రాయడం కుదరదు. మన టైమ్‌స్టాంప్ 1970 నుంచి లెక్కపెట్టిన సెకన్లు, ఇప్పుడది 170 కోట్లు దాటింది. అంత పెద్ద అంకె దగ్గర 32 బిట్లలో పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం 128 సెకన్లు! అంటే రెండు నిమిషాల పైచిలుకు రీడింగులన్నీ ఒకే నిలువు గీత మీద పడి, నున్నగా ఉండాల్సిన గ్రాఫ్ మెట్లుమెట్లుగా కనబడుతుంది. మొదటి రీడింగు సమయాన్ని అన్నిట్లోంచీ తీసేసి సున్నా నుంచి మొదలుపెట్టండి, చాలావరకు సర్దుకుంటుంది.

మెట్లంటే గుర్తొచ్చింది, కరెంటు పోయి, రీడింగులు రాసుకునే లాగర్ ఆగిపోయిన గంటలు. ఆ ఖాళీని ఖాళీ అని చెప్పకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలైన చోటికి చక్కగా ఒక గీత లాగేస్తాయి. ఆ మధ్యలో నాన్ (ఇక్కడ అంకె లేదు అని చెప్పే గుర్తు) పెట్టండి, తగ్గించిన తర్వాత కూడా ఆ ఖాళీ మిగిలిందో లేదో చూసుకోండి.

గీయడం వరకూ రాకముందే ఆగిపోయేవాళ్ళూ ఉన్నారు. ఎక్సెల్ ఒక షీట్‌లో 10,48,576 వరుసలే పడతాయి, పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌లో అయితే 65,536. ఈ పాత హద్దు వల్లే 2020 సెప్టెంబర్, అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా జారిపోయాయి. ఫైలు సీఎస్వీ, అంటే కామాలతో విడగొట్టిన మామూలు అక్షరాల ఫైలు, అయితే ప్రతిసారీ అక్షరాలను అంకెలుగా మార్చుకోవడానికే సమయం అంతా పోతుంది. పది కోట్ల పాయింట్లు, సమయం ఒకటి విలువ ఒకటి, ఎనిమిదేసి బైట్లు అనుకుంటే 1.6 గిగాబైట్లే. కానీ సీఎస్వీ నుంచి పాండాస్‌లోకి తేదీలు అక్షరాలుగా వచ్చాయంటే దానికి ఎన్నో రెట్లు తింటుంది, 8 జీబీ ల్యాప్‌టాప్ చేతులెత్తేస్తుంది. అప్పుడు తప్పు గ్రాఫ్ సాఫ్ట్‌వేర్ మీదికి పోతుంది. ఒక్కసారి కాలమ్‌ల వారీగా దాచే పార్కే ఫార్మాట్‌లోకి మార్చి పెట్టుకోండి, కావాల్సిన కాలమ్ మాత్రమే చదువుతుంది.

అక్కడిదాకా వస్తే నా దృష్టిలో అన్నిటికంటే మంచి దారి తెరుచుకుంటుంది. డక్‌డీబీ అనే డేటాబేస్‌లో ఒక చిన్న క్వెరీ రాసి, సమయాన్ని రెండు వేల భాగాలు చేసి, ఒక్కో భాగానికి కనిష్ఠం, గరిష్ఠం, ఎన్ని రీడింగులు అన్నది తీసుకోండి. చేతికి వచ్చేది రెండు వేల వరుసలు. ఇక గ్నూప్లాట్ అయినా ఎక్సెల్ అయినా తేడా లేదు, ఏం పారేశామో మీకు అక్షరం అక్షరం తెలుసు. ఏ పెద్ద సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం పిల్లలైనా ఒక సాయంత్రంలో నేర్చుకుంటారు.

పవర్ బీఐ లాంటివి ఆఫీసు డాష్‌బోర్డులకి బాగుంటాయి, కానీ అవి తెర మీదికి కొన్ని వేల పాయింట్లనే తెస్తాయి. ముందే తగ్గించిన పట్టిక ఇస్తే వాటితో ఏ గొడవా లేదు, ముడి డేటా ఇవ్వకండి. త్రీడీ సిమ్యులేషన్ ఫలితాలకి ఇవేవీ కాదు, పారావ్యూ చూడండి. ప్రగతినగర్ దగ్గర సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో ఉండే సముద్రపు ఉష్ణోగ్రతల లాంటి గళ్ళ డేటా అయితే ఫెర్రెట్, లేదా పైథాన్‌లో ఎక్స్‌అర్రే. వాటి లోకం వేరు.

చివరగా థీసిస్ రాసేవాళ్ళకి. కోటి చుక్కల స్కాటర్‌ని పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే ప్రతి చుక్కా ఆ ఫైల్లోకి వెళ్తుంది, గైడ్ గారి కంప్యూటర్‌లో ఆ పేజీ దగ్గరే ఆగిపోతుంది, జిరాక్స్ షాపులో ప్రింటర్ కూడా అక్కడే ఆగుతుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఆ చుక్కల పొరకి మాత్రం ‘రాస్టరైజ్డ్’ అని పెట్టి 300 డీపీఐతో సేవ్ చేయండి. చుక్కలు ఫోటోలా మారతాయి, అక్షరాలూ అక్షాల గీతలూ ఎంత జూమ్ చేసినా పదునుగా ఉంటాయి. బొమ్మ కింద ఒక వాక్యం కూడా రాయండి: 3.6 కోట్ల రీడింగులు, 2,000 భాగాలు, ఒక్కో భాగానికి కనిష్ఠం, గరిష్ఠం చూపించాం అని.